మేస్త్రీ మీద ఫిర్యాదులు

"మీ కుక్క నిన్న పక్కింటి పిల్లల మడమలు కొరికింది," అన్నాడు కళ్ళద్దాల షాపతను, ఇంటి తలుపు తీస్తూనే.

"నా కుక్క కాదు. ప్రస్తుతానికి మీ కుక్కే," అంది ఆమె, తడిసిన గొడుగు గుమ్మం పక్కన పెడుతూ.

గొర్రెలు కాసే జాతి కుక్కలు దిక్కులేనివైతే చేరదీసే షెల్టర్‌లో ఆమె పని చేస్తుంది. వాటిని కొన్నాళ్ళు ఎవరింట్లోనైనా ఉంచి, తర్వాత మంచి చోటు చూసి దత్తతకు ఇచ్చేస్తుంది. అప్పగించేటప్పుడు ఆమె కంట తడి పెట్టగా చూసినవాళ్ళు లేరు. షెల్టర్‌లో అందరూ ఆమెను చాటుగా వార్డెన్ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, పట్టించుకోదు.

మూతపడిన ఒక గొర్రెల ఫారం నుంచి వచ్చి ఇప్పుడు అతనింట్లో ఉంటున్న ఈ కుక్కకు ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమరంగు. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో అదే చూసుకుంటుంది కనుక అతని బామ్మ దానికి మేస్త్రీ అని పేరు పెట్టింది.

కుక్క ఎలా ఉందో చూడడానికి ప్రతి ఆదివారం ఆమె వచ్చేది. ప్రతి ఆదివారం ఒక కొత్త ఫిర్యాదు సిద్ధంగా ఉండేది. ఒకసారి సైకిళ్ళ వెంట పడిందన్నాడు. ఒకసారి సోఫా చించిందన్నాడు.

"సోఫా బాగానే ఉందే?"

"కుట్టించాను."

ఆమె సలహాలు చెప్పేది. అతను కళ్ళార్పకుండా వినేవాడు. ఎంత శ్రద్ధగా అంటే, ఆమె వెళ్ళాక ఒక్క ముక్కా గుర్తుండేది కాదు.

ఆ రోజు షాపు నుంచి ఫోనొస్తే అతను బాల్కనీలోకి వెళ్ళాడు. మేస్త్రీ ఆమెను మోకాళ్ళ దగ్గర నెట్టి బామ్మ పక్కన కూర్చోబెట్టింది.

"దీని సంగతే తేలట్లేదు బామ్మగారూ. గొర్రెలున్న భార్యాభర్తలు దీన్ని అడిగారు. కొరికే కుక్కని ఇవ్వలేనని చెప్పేశాను."

"కొరకడమా? మేస్త్రీయా?" బామ్మ చేతిలో బిస్కెట్టు ఆగిపోయింది. "నేను తినమనేదాకా బిస్కెట్టు ముట్టదమ్మా ఇది! వారమంతా మావాడు దీన్ని నెత్తిన పెట్టుకుంటాడు. ఆదివారం పొద్దున మాత్రం దీని మీద ఏం చెప్పాలా అని తల గోక్కుంటాడు. ఆ చొక్కా చూడు, ఇంట్లో వేసుకునే చొక్కాలా ఉందా?"

అతను లోపలికొచ్చి ఇద్దరి ముఖాలూ చూశాడు. బండారం బయటపడిందని అర్థమైపోయింది.

"అబద్ధం ఎందుకు చెప్పారు?" అంది ఆమె.

"కుక్క బాగుందంటే మీరు ఇంకెందుకొస్తారు?"

ఇంకో అమ్మాయైతే ఇక్కడ సిగ్గుపడేదేమో. ఈమెకు ఒళ్ళు మండింది.

"రోజంతా పరుగెత్తాల్సిన జీవి అది. మీ హాల్లో సోఫా చుట్టూ తిరుగుతోంది. దానికి దొరక్క దొరక్క ఓ మంచి చోటు దొరికితే, మీ మాట నమ్మి నా నోటితో నేనే వద్దన్నాను!"

అతని ముఖం పాలిపోయింది. ఇంత దూరం అతను ఆలోచించలేదు.

"వాళ్ళ నంబరివ్వండి. నేనే మాట్లాడతాను."

అక్కడే, ఆమె ఎదురుగానే ఫోన్ చేశాడు. కుక్క కొరకదనీ, తానే లేనిపోనివి కల్పించాననీ చెప్పాడు. ఎందుకని అడిగింది అవతలావిడ.

"ఒకమ్మాయి ఇంటికొస్తుందని," అన్నాడు, చెవులు ఎర్రబడుతుండగా.

అవతల పెద్ద నవ్వు. "అయితే ఆ అమ్మాయినీ తీసుకురండి."

తీసుకెళ్ళింది ఆమే, షెల్టర్ వ్యాన్‌లో. ముభావంగానే నడిపింది. మధ్యలో కూర్చున్న మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

గొర్రెలను చూడగానే అది బిగుసుకుపోయింది. యజమాని ఈల వేశాడు. అంతే, పొట్ట నేలకు ఆనేంతగా వంగి గడ్డిలో దూసుకుపోయింది. వాలు నిండా చెదిరిన మంద చూస్తుండగానే ఒక్కచోటికి చేరింది. అరవలేదు, ఎవరినీ కొరకలేదు.

"మా ఇంట్లో దీన్ని ఇంత ఆనందంగా ఎప్పుడూ చూడలేదు," అన్నాడతను మెల్లగా. చేతిలో మిగిలిన కుక్క పట్టీని యజమానికి ఇచ్చేశాడు. మేస్త్రీ వెనక్కి చూడలేదు.

"పోతూ పోతూ ఒక్క చూపైనా చూడొచ్చుగా, విశ్వాసం లేనిదానా!" అన్నాడతను.

ఆమె నవ్వబోయింది. నవ్వుతోపాటు కన్నీళ్ళూ వచ్చేశాయి. అతను చూడనట్టు నటించాడు. ఆ నటన మాత్రం ఆమెకు నచ్చింది.

తిరుగుదారిలో వాన పట్టుకుంది. ఆమె వైపర్లు వేసింది.

"కోపం తగ్గిందా?"

"లేదు. కానీ అందులో సగం నా మీదే."

"మీరేం చేశారు?"

"కుక్క కొరుకుతోందని ఎవరు చెప్పినా, వెంటనే దాన్ని బయటికి తీసుకెళ్ళి నేనే పరీక్షిస్తాను. అది నా పని. మేస్త్రీని ఒక్కసారి కూడా పరీక్షించలేదు."

"ఎందుకని?"

సిగ్నల్ దగ్గర వ్యాన్ ఆగింది. ఆమె ఎర్రలైటు వైపే చూస్తూ చెప్పింది.

"పరీక్షిస్తే నిజం తెలిసిపోతుందిగా. తెలిస్తే ఇక ఆదివారాలు మీ ఇంటికి రానక్కర్లేదు."

పచ్చలైటు పడింది. వ్యాన్ కదల్లేదు. వెనక కారువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం," అన్నాడతను. 'మీరు' అనడం మరిచిపోయాడు.

"నాకూ," అంది ఆమె గేరు మారుస్తూ. "ఇంటికెళ్ళగానే బామ్మగారికి నువ్వే చెప్పు. ఈసారి ఏమీ కల్పించకు."