గది గొంతు

వెనక గది పోయిన రోజునే టీచర్‌కు పైవాటా అతను పరిచయమయ్యాడు.

రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు ఇల్లు కొలిచి, వెనక గదికి అడ్డంగా ఎర్ర గీత గీసి వెళ్ళారు. కూల్చే రోజున టీచర్ బడికి సెలవు పెట్టింది. యంత్రం నడిపేవాడు టీ తాగడానికి వెళ్ళాడు. ఆఖరిసారి గది చూద్దామని ఆమె వెళ్ళేసరికి, నడిమధ్యలో ఎవరో చెదిరిన జుట్టు యువకుడు ఎర్ర బుడగ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ మీరు?"

అతను పెదాల మీద వేలు పెట్టుకుని, బుడగకు గుండుసూది గుచ్చాడు.

ఢాం!

ఆ చప్పుడు నాలుగు గోడలకూ తగిలి, కాసేపు సణిగి, ఆగింది.

"మతి ఉందా మీకు? ఈ వయసులో బుడగలేంటి?"

"క్షమించండి టీచర్ గారూ. మొన్ననే పైవాటాలో దిగాను. గది గొంతు రికార్డు చేసుకుంటున్నా." నేల మీది మైకు చూపించాడు. "కూలిపోయాక అడిగితే ఇవ్వదు కదా!"

ఆమెకు కోపం వచ్చింది. కానీ ఏడుపు దాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

అది నాన్న గది. ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సర్. ఇంట్లో రోజూ ఆ గది తలుపు వేసుకుని, రైళ్ళ పేర్లు చదివి, టేపు చేసుకుని, తప్పులు వెతుక్కునేవాడు. మొదలుపెట్టే ముందు చప్పట కొట్టేవాడు. ఒక్కో రోజు రెండు మూడుసార్లు కొట్టాక గాని చదివేవాడు కాదు. "గది మేలుకోవాలి కదమ్మడూ" అనేవాడు.

"స్టేషన్లో అరిచింది చాలక ఇంట్లోనూ రైళ్ళేనా!" అని అమ్మ వంటింట్లోంచి విసుక్కునేది.

నిరుడు వానాకాలంలో ఆ గదిలోనే, కుర్చీలో కూర్చునే వెళ్ళిపోయాడు. ఆ రోజు టీచర్ బడిలో ఉంది. అమ్మ పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళింది. మైకు ముందు టేపు చివరిదాకా తిరిగి ఆగి ఉంది.

చూడవచ్చినవాళ్ళు "అనాయాసంగా పోయారు" అన్నారు. ఒంటరిగా పోయాడని ఎవరూ అనలేదు. ఆమె మాత్రం రోజూ అదొక్కటే అనుకునేది.

సొరంగంలో నిప్పంటుకుంటే పొగ ఎటు పోతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం పైవాటా అతని ఉద్యోగం. ఇంట్లో చేసేవాటికి పేర్లు లేవు. బస్సు సందు మలుపు తిరగకముందే వణికే దీపం ఒకటి. గాలి లెక్కలు వేసి మడిచిన కాగితపు పక్షులు కప్పుకు వేలాడుతుండేవి. ఎవరైనా తలుపు తీస్తే చాలు, అన్నీ ఒక్కసారిగా అటు తిరిగి చూసేవి.

"ఇవన్నీ ఎందుకండీ?" అంది టీచర్, మొదటిసారి పైకి వెళ్ళినప్పుడు.

"పొగ లెక్కలు వేసీ వేసీ పీడకలలొస్తాయండీ. ఇవి వాటికి విరుగుడు."

"వీటిని చూస్తే నాకొచ్చేలా ఉన్నాయి!"

అతను నవ్వాడు. నవ్వితే మనిషి బాగానే ఉంటాడని ఆమె గమనించింది. గమనించినందుకు తనమీద తనకే చిరాకేసింది.

ఆ గదిని కంప్యూటర్‌లో మళ్ళీ కడతానంటే అతనికి నాన్న టేపులు ఇచ్చింది. ఒకటి మాత్రం సంచిలోనే ఉంచేసుకుంది. "ఆఖరిది ఇవ్వను."

"అడగనండీ" అన్నాడతను.

కొన్నాళ్ళకు ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, "ఏదైనా అనండి" అన్నాడు.

"నాన్నా" అంది మెల్లిగా. ఆ మాట ఎడమ గోడకు తగిలి, కిటికీని తాకి, పుస్తకాల బీరువా పక్కనుంచి తిరిగొచ్చింది. అచ్చం అప్పట్లాగే. రాళ్ళు, మట్టి ఎత్తుకుపోయిన చోట గది లేచి నిలబడింది. ఆమె చటుక్కున హెడ్‌ఫోన్ లాగేసింది. మరునాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మరునాడూ వెళ్ళింది.

తరవాత అతనే తప్పించుకు తిరగడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం టీచర్ తలుపు తట్టింది. పక్షులన్నీ ఆమె వైపు తిరిగాయి.

"మెట్ల మీద నన్ను చూసి మళ్ళీ పైకెక్కేస్తున్నారు. ఏమైంది?"

"లెక్క కుదరట్లేదు."

"కుదరకపోతే దాక్కుంటారా? మా నాలుగో తరగతి పిల్లలు నయం."

అతను కంప్యూటర్ తెర చూపించాడు. పచ్చ గీతల్లో నాన్న గది. "కుర్చీ పెట్టాను. బీరువా పెట్టాను. మీ నాన్నగారిని కూర్చోబెట్టాను. అయినా ఆయన చప్పట టేపులో లాగా పలకట్లేదు. కాస్త శబ్దాన్ని ఏదో తాగేస్తోంది. మనిషి ఒళ్ళు, బట్టలు అలా తాగుతాయండీ." కిటికీ కింద బూడిదరంగు మచ్చ మీద వేలు పెట్టాడు. "ఇక్కడ ఇంకొకరిని కూర్చోబెడితే అన్ని టేపులూ సరిపోతున్నాయి. నేల మీద. గోడకానుకుని."

"గదిలో ఇంకెవరూ ఉండేవాళ్ళు కాదు."

"అందుకే మీ మొహం చూడలేకపోయాను."

బయట వాన మొదలైంది. పక్షులన్నీ మెల్లిగా తలుపు వైపు తిరిగాయి. టీచర్ చప్పున అతని చెయ్యి పట్టుకుంది.

"ఆరేసిన బట్టలు తడిసిపోతున్నా పట్టదా ఎవరికీ?" చేతుల నిండా బట్టలతో గుమ్మంలో అమ్మ. ఆ మాట అంటూనే తెర చూసింది. "అదేంటి, మన వెనక గదిలా ఉందే!" దగ్గరికొచ్చి మచ్చ వైపు చాలాసేపు చూసింది. "నేను కూర్చునేది అక్కడే."

"నువ్వా?"

"పెరటి తలుపులోంచి వచ్చేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని కంఠతా చదివేవారు. తెరిచేలోపు బయటపడేదాన్ని."

"మరి విసుక్కునేదానివి కదమ్మా!"

"మెచ్చుకుంటే మీ నాన్నను పట్టగలమా?" అమ్మ తడి చీర మడత పెట్టింది. "ఆయనకు తెలుసులే. ఆ చప్పట ఎందుకనుకున్నావ్? నేను పని తెమల్చుకుని వచ్చి కూర్చునేదాకా కొడుతూనే ఉండేవారు. నేనున్నానో లేదో చెవితోనే పట్టేసేవారు."

పైవాటా అతను కంప్యూటర్ వైపు చిన్నబోయి చూశాడు.

అమ్మ గొంతు తగ్గించి అడిగింది. "ఆఖరి రోజు నేను లేను. ఎన్నిసార్లు కొట్టారో పాపం."

టీచర్ ఆ టేపు విన్నది. అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. "ఒక్కసారేనమ్మా. వెంటనే చదవడం మొదలుపెట్టాడు. హుషారుగా."

అమ్మ బట్టలెత్తుకుని మెట్లు దిగింది.

"మీ చెయ్యి ఇంకా నా దగ్గరే ఉంది" అంది టీచర్.

"మీరే పట్టుకున్నారండీ. వదలమని నేనడగను." అతను గొంతు సవరించుకున్నాడు. "మీరు మెట్లెక్కుతుంటే పక్షులకంటే ముందు నాకు తెలుస్తోంది. దీనికి లెక్క లేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"మా అమ్మనడగాలి."

"వినపడింది!" మెట్ల మీంచి అమ్మ కేకేసింది. "నాకిష్టమే. ఆ దెయ్యపు పిట్టల్ని మాత్రం కిందికి తేవద్దను!"

వాన వెలిశాక టీచర్ కిందికెళ్ళి, సంచిలోంచి ఆఖరి టేపు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. ఆ ఒక్క చప్పట కొట్టినప్పుడు గదిలో నాన్న ఒక్కడే ఉన్నాడో, కిటికీ కింద ఎవరైనా ఉన్నారో లెక్క వేస్తే తెలిసిపోతుంది.

పెళ్ళయింది. వాళ్ళిద్దరూ పైవాటాలోనే ఉంటున్నారు. టేపు బల్ల మీదే ఉంది. ఆ లెక్క ఇంకా వెయ్యలేదు.