లోపల కట్టిన గుడ్డ

మాది ఎమ్మిగనూరు, మగ్గాల వీధి. కర్నూలు రాజధాని అయ్యిందని జనం గొప్పలు చెప్పుకుంటాండిన ఏడాది నాకు ఆడపిల్ల పుట్టింది. రాజధాని వచ్చినందుకు మా వీధికి కొత్తగా వచ్చింది ఏమీ లేదు. మా ఇంట్లోకి మాత్రం గబ్బిలాలు వచ్చినాయి.

మొదట మా అత్త ఎలకలన్నది. మగ్గం మీది చీర పైన నల్లటి గింజలు రాలి ఉంటే, తిట్టుకుంటా దులిపింది. నేను ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి చూసినా. పొడి పొడి అయిపోయింది. ఆ పొడిలో పురుగుల రెక్కల ముక్కలు మెరిసినాయి. ఎలక పెంట అట్లా నలగదు, గట్టిగా ఉంటాది. మా పుట్టిల్లు దేవనకొండలో. అక్కడ మా తాత మిద్దెలో ఇవి ఏండ్ల తరబడి ఉండినాయి కాబట్టి నాకు తెలుసు.

"ఎలకలు కాదత్తా, గబ్బిలాలు," అని తల ఎత్తి చూపించినా. వెనక గోడకు బాగా పైన, దూలం కిందుగా, గాలి కోసం వదిలిన సందు ఒకటి ఉంది. మనిషి తల పట్టేంత సందు. దాని అంచున సున్నం జిడ్డు పట్టి నల్లబడింది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ వాటి ఒళ్ళు రాసుకునే చోటు అది. దూలానికీ మిద్దె బండలకూ మధ్య చీకట్లో సన్నగా కిచకిచమంటాండినాయి. పొద్దు గూకితే ఒక్కొక్కటే సందులోంచి బయటికి జారుకునేవి. నాకు వాటి మీద కోపం లేదు. నా కోపమంతా మనుషుల మీదే.

ఆ మనుషులు ఇద్దరు. ఒకరు మా అత్త ఈరమ్మ. ఇంకొకరు నా మొగుడు. మొగుని పేరు చెప్పకూడదంటారు. చెప్తా. బసవన్న. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూసున్నాడంటే ఇల్లు కూలినా తల ఎత్తడు. నేను ఆయనకు రెండో పెళ్ళాన్ని. మొదటామె ఉరుకుందమ్మ, పెద్దకడుబూరు పిల్ల. నీళ్ళు చేదబోయి పెరటి బావిలో పడిపోయిందనీ, పాలు లేక ఆమె పసిబిడ్డ కూడా పోయిందనీ చెప్పి నాకు పెళ్ళి చేసినారు. నేను నమ్మినా.

పురిటి జ్వరంలో నా పాలు ఎండిపోయినాయి. మేకపాలు పోస్తే పిల్ల కక్కేసేది. వీధిలో పాలిచ్చే తల్లులు ఉన్నారు. కానీ గబ్బిలాలున్న ఇంటి బిడ్డను మేం ముట్టం అన్నారు. ఏడ్చి ఏడ్చి, ఇంక ఏడ్చే బలం లేక, నా బిడ్డ ఉయ్యాలలో పాత గుడ్డ మాదిరి పడి ఉండేది. బతుకుతాదో బతకదో తెలీదు. నాకు ఉన్న దిగులు అదొక్కటే.

"ఆటి పీడే పిల్లను తింటాంది. మిరపకాయల పొగ ఎయ్యల్ల," అన్నది అత్త.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పసిపిల్ల ఉన్న ఇంట్లో మిరప పొగనా? గబ్బిలాల కంటే ముందు నా పిల్ల పోతాది. నీ తెలివి నీ దగ్గరే పెట్టుకో అత్తా."

ఏం చెయ్యాలో నేనే చెప్పినా. సందుకు బయట పక్క ఒక గుడ్డ కట్టాల. పైన బిగించి, కింద వదిలెయ్యాల. లోపలివి గుడ్డను నెట్టుకుని బయటికి జారిపోతాయి. తిరిగి వచ్చినప్పుడు ఆ గుడ్డను ఎత్తుకుని లోపలికి దూరలేవు. వేరే చోటు వెతుక్కుని పోతాయి. ఇల్లు ఖాళీ అయినాక మట్టితో మూసుకుంటే సరి. ఒక్కటి కూడా చావదు.

"కానీ ఇప్పుడు వద్దత్తా. ఇప్పుడు పిల్లలున్నాయి, వాటికి ఎగరడం రాదు. తల్లుల్ని బయట పెట్టి మూసినామంటే పిల్లలు లోపల పాలు లేక చస్తాయి. వానలు పడనీ."

ఆ మాటకు అత్త మొహం పాలిపోయింది. బసవన్న చేతిలో, పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆగిపోయింది. ఎందుకో నాకు అప్పుడు తెలీలేదు.

ఒకనాడు మేకపాల కోసం ఊరి చివరికి పోయి వచ్చినా. వచ్చేసరికి పొద్దు వాలుతాంది. ఇంట్లో నిచ్చెన గోడకు ఆనించి ఉంది. సందుకు గుడ్డ కట్టేసినారు. వానల దాకా ఆగేంత ఓపిక ఆ తల్లీకొడుకులకు యాడుంది? గుడ్డ వైపు చూసినా. చూస్తే, అది లోపలి పక్క కట్టి ఉంది.

"ఏమయ్యా, లోపల కట్టినావేంది? బయట గదా కట్టమన్నా. బతుకంతా గుడ్డలు నేస్తావు, దేనికి ఏది లోపలో ఏది బయటో తెలీదా?"

బసవన్న మగ్గం గుంటలోకి దిగినాడు. అత్తే అన్నది, "బయట కట్టల్లంటే బావి పక్కన నిలబడల్ల. వాడు ఆడికి పోడు."

"లోపల కడితే ఏమయితాదో తెలుసా? లోపలివి బయటికి పోలేవు. బయట ఉన్నవేమో నెట్టుకుని లోపలికి వస్తాయి. చేసింది మొత్తం తిరగేసి చేసినారు."

నేను ఇంకా తిడతానే ఉన్నా. అప్పటికే పొద్దు గూకింది. దూలం సందుల్లోంచి గబ్బిలాలు దిగినాయి. దోవ కోసం గుడ్డ దాకా పోయి, దానికి కొట్టుకుని, వెనక్కి తిరిగి గది అంతా సుడి తిరిగినాయి. దీపం రెపరెపలాడింది. నేను పిల్ల మీద కొంగు కప్పి ఉయ్యాల పక్కన కూలబడినా. రెక్కల గాలి మొహానికి తగులుతాంది. పైన వాటి పిల్లలు కిచకిచమంటాండినాయి, ఉయ్యాలలో నా పిల్ల సన్నగా మూలుగుతాంది.

ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయినాయి.

గబ్బిలాలు దూలానికి అతుక్కుని కదలకుండా ఉండిపోయినాయి. కిచకిచ లేదు. పక్కింటి మగ్గం చప్పుడు కూడా వినిపించలేదు. వాసన ఒకటి వచ్చింది. బావిలో పాచి వాసన. దాని వెనకే ఇంకొకటి... పులిసిన పాల వాసన.

గుడ్డ ఉబ్బింది.

లోపలి వైపుకు. బయట నుంచి ఎవరో నుదురు ఆనించినట్టు... మెల్లగా. గాలి లేదు. ఆకు కూడా కదలని సాయంత్రం అది. గుడ్డ కింది అంచు కొంచెం లేచింది... ఇంకొంచెం లేచింది... తరువాత పడిపోయింది.

ఏమీ కనపడలేదు. గోడ మీద మాత్రం, సందు దగ్గర నుంచి కింది దాకా, తడి చార దిగింది. ఆ తడి నేల మీదికి వచ్చింది. ఉయ్యాల వైపుకు వచ్చింది.

అత్త నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడినాయి.

"అదే... అదేనే," అన్నది గుసగుసగా.

"ఎవరు?"

"ఉరుకుందమ్మ... సెప్పకుండా పుట్టింటికి పోయి వచ్చిందని... పెరట్లోకి తోసి గడియ ఏసినా. ఒక్క రాత్రి ఉంటే బుద్ధొస్తాదని. పిల్ల లోపల ఏడుస్తాంటే... అది నిచ్చెన ఎక్కి ఆ సందు కాడ... పాలు కారిపోతాండాయి అత్తా, పిల్లను ఒక్కసారి ఈయమని... తెల్లారి సూస్తే బావిలో..."

"మరి ఆయన?"

అత్త మగ్గం వైపు చూసింది. మగ్గం గుంటలో బసవన్న తల వంచుకుని కూసున్నాడు. అప్పుడూ అట్లనే కూసున్నాడన్నమాట. పెళ్ళాం గోడ అవతల, బిడ్డ గోడ ఇవతల. మధ్యలో ఈ మహానుభావుడు నాడె ఆడించుకుంటా ఉండినాడు. నాకు భయం ఉండింది, లేదనను. కానీ ఆ భయం కంటే ఆ ఇద్దరి మీద అసహ్యమే ఎక్కువ ఉండింది.

ఉయ్యాల దానంతట అదే బరువుగా కిందికి వాలింది. తాళ్ళు కిర్రుమన్నాయి.

ఒక చప్పుడు... చిన్నగా... గుటక. మళ్ళీ గుటక.

నా బిడ్డ పాలు తాగుతాంది.

తాళ్ళు మళ్ళీ పైకి తేలేదాకా అట్లే ఉండిపోయినా. అప్పుడు పిల్లను ఎత్తుకుని చూసినా. పెదాల మీద తెల్లగా పాలు. పొట్ట నిండుగా ఉంది. పుట్టిన నాటి నుంచి చూడని నిద్ర పోతాంది. కొంగుతో ఆ మూతి తుడవబోయి, తుడవలేకపోయినా.

పిల్లను భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కినా. గుడ్డను పట్టి లాగి చింపేసినా. గబ్బిలాలు నా చెవుల పక్క నుంచి బయటికి పోయినాయి. మేత తిని తెల్లారేలోగా మళ్ళీ పిల్లల దగ్గరికి వచ్చినాయి. వానలు పడేదాకా ఆ సందును ఎవరినీ ముట్టుకోనియ్యలేదు. రోజూ దీపం పెట్టే వేళకు గోడ మీద తడి చార దిగేది. ఉయ్యాల వాలేది. ఒక్క మేకపాల చుక్క లేకుండా నా పిల్ల ఒళ్ళు చేసింది.

"ఒసే తిప్పమ్మా, దాన్ని రానిస్తాండావా నువ్వు?" అన్నది అత్త ఒకనాడు.

"నేను రానిచ్చేదేముంది? గడియ వేసింది నువ్వు. దోవ చూపించింది నీ కొడుకు," అన్నా.

వానలు పడినాయి. గబ్బిలం పిల్లలు తల్లుల వెంట ఎగరడం మొదలుపెట్టినాయి. ఒక పగటిపూట నేనే పెరట్లో బావి పక్కన నిచ్చెన వేసుకుని, బయటి పక్క గుడ్డ కట్టినా. పొద్దు గూకే వేళకు కింద నిలబడి చూసినా. ఒక్కొక్కటే గుడ్డ కింద నుంచి జారి, చిన్నా పెద్దా అన్నీ ఎగిరిపోయినాయి. ఆఖరిది పోయినాక కూడా నిలబడినా. ఇంకొకరు రావాల గదా.

గుడ్డ కదిలింది. లోపలి నుంచి ఒక అరచెయ్యి ఆనింది. వేళ్ళు విడివిడిగా తెలిసినాయి.

"అక్కా," అన్నా. "నిన్ను బయట పెట్టింది నేను కాదు. పోతే పో. ఉంటే ఉండు. నీ ఇష్టం."

ఆ చెయ్యి కాసేపు అట్లే ఉంది. తరువాత వెనక్కి పోయింది... లోపలికి.

కొన్ని దినాలకు పెంట రాలడం ఆగిపోయింది. కిచకిచలు లేవు. ఇంక సందు మూసెయ్యమని అత్త నా ప్రాణం తీసింది.

"గబ్బిలాలు పోయినాయి. ఆమె లోపలే ఉంది. మూస్తే ఇంక పోయే దోవ ఉండదు," అన్నా.

"అబద్ధాలు సెప్పాకు. గుడ్డ కట్టినాక అన్నీ పోయినాయి, అదీ పోయింది. మూసేస్తే మళ్ళీ రాదు."

నేను కదలలేదు. బసవన్న సంగతి సరే. అత్త కోపంతో ఊగిపోతా తానే మట్టి పిసికింది. మాటామాటా అనుకునేసరికి పొద్దు వాలింది. ఆ మొండి మనిషి తట్ట ఎత్తుకుని పెరట్లోకి పోయి, నిచ్చెన ఎక్కి గుడ్డ పీకేసింది. మా పెరడు చుట్టూ ఎత్తు గోడ. ఇంట్లోకి రావాలంటే ఉన్నది ఒక్క పెరటి తలుపే.

పిల్లను ఒళ్ళో పెట్టుకుని నేను ఇంట్లో కూసున్నా. తపతపమని మట్టి కొడతాంది. సందులో వెలుతురు సగమయింది. కొంచెమయింది. పోయింది.

అదే ఘడియలో పెరటి తలుపు మూసుకుంది. గడియ పడింది.

నా రెండు చేతుల్లో పిల్ల ఉంది. బసవన్న రెండు కాళ్ళూ మగ్గం గుంటలో ఉన్నాయి.

"తిప్పమ్మా... తలుపు తియ్యే," అన్నది అత్త అవతల నుంచి.

పిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టి తలుపు దగ్గరికి పోయినా. గడియ తడిగా ఉంది, మంచు మాదిరి చల్లగా ఉంది. ఒంటి బలమంతా పెట్టి లాగినా. రాలేదు.

"ఏమయ్యా, మీ అమ్మ బయట ఉంది. లేసి రా," అని అరిచినా. బసవన్న లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

"తియ్యే... బావి కాడ ఎవరో... తియ్యండే..." గొంతు తలుపు దగ్గర నుంచి గోడ దగ్గరికి పోయింది. తరువాత పైకి పోయింది, సందు దగ్గరికి. తడి మట్టిని గీకుతాంది. తాను మూసిన మట్టినే.

తరువాత ఏమీ వినిపించలేదు. ఉయ్యాలలో గుటకలు మాత్రం వినిపించినాయి.

పిల్ల తాగడం అయిపోయినాక గడియ దానంతట అదే వదులయింది. లాంతరు తీసుకుని పోయినా. అత్త నిచ్చెన కింద బావి వైపు చూస్తా కూసుని ఉంది. బతికే ఉంది. గోళ్ళ నిండా మట్టి. ఆనాటి నుంచి ఆమెకు మాట లేదు. ఇంట్లోకి అడుగు పెట్టదు. వీధి అరుగు మీదే తిండి, అరుగు మీదే పడక. నేను జాలిపడతానని చూసినారు వీధిలో వాళ్ళు. నాకు జాలి రాలేదు.

ఇప్పుడు పిల్లకు నడక వచ్చింది. పాలు మాని చాన్నాళ్ళయింది, సద్ద సంగటి తింటాది. పెరటి తలుపు గడియ నేను వెయ్యను, బసవన్న వెయ్యడు. అయినా నేను దీపం పెట్టి వెనక్కి తిరిగేసరికి పడి ఉంటాది. ముట్టుకుంటే తడి. ఎవరినో లోపలికి రానియ్యకూడదని అక్క వేస్తాందని ఇన్నాళ్ళూ అనుకున్నా. మొన్న పిల్లను ఎత్తుకుని పుట్టింటికి బయలుదేరితే, పట్టపగలు వీధి తలుపు గడియ కూడా పడింది.

పిల్లను దగ్గరికి లాక్కున్నా. దాని నోట్లోంచి పులిసిన పాల వాసన వచ్చింది.