ప్రసాద్ బూట్లో ఇసుక

భీమిలి బీచ్‌లో దొరికిన శవం ఏజెంట్ ప్రసాద్‌ది. గుండెలో తూటా, బూట్ల నిండా ఇసుక. అతని జోడీ ఏజెంట్ ఫల్గుణ శవాన్ని గుర్తుపట్టి, సంతకం పెట్టి, టీ తాగాడు. ఏడుపూ రాలేదు, టీ రుచీ తెలీలేదు. ఆనాటి నుంచీ మన్ను తిన్న పాములా తిరుగుతున్నాడు. 2003 చైత్రంలో అతనికి అప్పజెప్పిన కేసు కూడా మన్నే.

చీఫ్ అప్పారావు బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. మన కొండల్లోని మోనజైట్ ఇసుకను, అంటే థోరియం, రేర్ ఎర్త్ మూలకాలున్న ఇసుకను, ఒక విదేశీ ముఠా తవ్వుకుపోతోంది. ఆ చోటు ప్రసాద్ కనిపెట్టాడు. చెప్పేలోగా పోయాడు.

ఒక బూటును పరీక్షించింది డిపార్ట్‌మెంటు జియోకెమిస్ట్ అనురాధ. లాబ్‌కోటు వేసుకున్నా ఫ్యాషన్ షోలో నడిచినట్టుంటుంది. బీచ్ ఇసుకే, చంపిందీ బీచ్‌లోనే అని తేల్చేసింది. ఎందుకైనా మంచిదని ఫల్గుణ రెండో బూటును హైదరాబాద్ పంపాడు. అక్కణ్ణుంచి ఫోను రాగానే చీఫ్ దగ్గరికెళ్లాడు.

"ఏటి ఇసుక?" అన్నాడు చీఫ్.

"ఏటి ఇసుకే సార్."

"అదే, ఏటి ఇసుకని అడుగుతన్నాను."

"కొండ ఏటిది సార్. సముద్రానిది కాదు."

రేర్ ఎర్త్ మూలకాలు ఇసుకకు ఇంటిపేరు లాంటివని ఫల్గుణ వివరించాడు. ఎంత దూరం కొట్టుకొచ్చినా వాటి పాళ్లు పుట్టిన రాయినే చెబుతాయి. బీచ్ ఇసుకలో నాలుగైదు ఏర్ల ఇంటిపేర్లు కలిసిపోతాయి. ఈ బూట్లో ఉన్నది ఒకటే, అందులోనూ యూరోపియం బాగా తక్కువ. పాత శాంపిళ్లలో దానికి సరిపోయింది హుకుంపేట అవతలి గెడ్డ, ఆ కొండవాగు ఒక్కటే. అంటే చంపింది కొండ మీద, పారేసింది బీచ్‌లో. అనురాధ అబద్ధమాడింది. చీఫ్ లాబ్‌కి ఫోన్ చేస్తే మేడం సెలవన్నారు.

ఫల్గుణ కాఫీ గింజల వ్యాపారి వేషంలో బైకెక్కాడు. చేతికి డిపార్ట్‌మెంటు వాచీ. మోనజైట్ దగ్గరైతే టిక్కుమంటుంది, టైము మాత్రం చెప్పదు. హుకుంపేటలో ఇన్ఫార్మర్ పోలయ్యని "మిరియాలు ఎండాయా?" అని అడిగాడు.

"తీగ మీదే ఉన్నాయి," అని కోడ్ అప్పజెప్పి, పోలయ్య గొంతు తగ్గించాడు. "జీపు ఇప్పుడే ముంచింగిపుట్టేపు పోనాది. నల్లద్దాల అమ్మ, ఎర్ర దొర, ఇనప్పెట్టి. బేగెల్లు బావూ."

ఒరిస్సా సరిహద్దు దాటితే జైపూర్‌లో విమానం సిద్ధంగా ఉంది. అది లేచిందంటే ప్రసాద్‌ని చంపినవాళ్లు మరి దొరకరు. ఫల్గుణ బైకు మూలుగుతున్నా వదల్లేదు. వాచీ టిక్కుమంది. ఎదర జీపు. ఆ పై మలుపు దాటితే సరిహద్దే.

మలుపులో రోడ్డుకడ్డంగా దుంగ. చుట్టూ ఇసుక వేస్తే రాలనంత మంది ఆడవాళ్లు. చైత్రంలో గిరిజనులు చేసుకునే ఇటుకల పండగ. మగవాళ్లు వేటకెళ్తే ఆడవాళ్లు దార్లు కట్టి, పండగ మామూలు ముట్టందే ఏ బండినీ కదలనివ్వరు. దొరకేం తెలుసు? దుంగ, కర్రలు, డప్పులు చూసి అన్నల అంబుష్ అనుకున్నాడు. పండగేనని అనురాధ ఇంగ్లీషులో ఎంత మొత్తుకున్నా వినలేదు. పెట్టె తెరిచి వాళ్ల మీదికి విసిరి, నిజంగానే ఇసుక వేసి, మోకాళ్ల మీద పడ్డాడు. తాను కాల్చలేదనీ, కాల్చింది ఈవిడేననీ చెప్పేశాడు.

అనురాధ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. అప్పటికే బైకు దిగి వచ్చిన ఫల్గుణ పిస్టల్ ఆమె చెవి దగ్గరుంది.

"ప్రసాద్‌ని గెడ్డ దగ్గరికి రావద్దన్నాను ఫల్గుణా," అందామె. "వినలేదు."

బేడీలు వేశాడు. కోపం వస్తుందని కాసేపు ఆగి చూశాడు. రాలేదు.

పండగ పెద్ద సోములమ్మ అతని తుపాకీని ఎగాదిగా చూసింది. "నువ్వూ ఏటకే ఎల్లేవా బావూ? ఏటి తెచ్చేవు?"

ఫల్గుణ ఆ ఇద్దర్నీ చూపించాడు.

"ఈలు కూరకి పనికిరారు," అని తేల్చేసిందామె. వేటకెళ్లి వట్టి చేతులతో వచ్చిన మగాడికి అక్కడి ఆనవాయితీ ఒకటే. బిందెడు పేడనీళ్లు అతని నెత్తిన దిగాయి.

చల్లగా ఉన్నాయి. ప్రసాద్ పోయాక ఫల్గుణకి ఒళ్లంటూ తెలిసింది అప్పుడే. దుంగ మీద కూలబడి, భుజాలు అదురుతుంటే మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

రిపోర్టులో మాత్రం, ఆపరేషన్ చివర ఏజెంటు కంట్లో పేడ పడిందని రాశాడు.