మత్తు డాక్టరమ్మ సెలవు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... నీడ కాళ్ళ కిందికి దూరి దాక్కునే వేళ! ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా కొండ మీది ఆ విశ్రాంతి భవనం చుట్టూ ఉరుములు! పట్టపగలే గుడ్లగూబ కూత!

కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన ఆ పొడవాటి గదిలో, మెత్తటి పరుపు మీద మత్తు డాక్టరమ్మ వెల్లకిలా పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి... కానీ కాలు కదలదు, చెయ్యి లేవదు!

పదిహేనేళ్ళుగా ఆపరేషన్ థియేటరే ఇల్లుగా బతికిన మనిషి. వేలమందిని నిద్రపుచ్చింది గానీ, తను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. చివరికి చెల్లెలే పోరు పెట్టి, నాలుగు రోజులు సెలవు పెట్టించి, పొద్దున్నే ఇక్కడికి లాక్కొచ్చింది.

"నువ్వు లేకపోతే ఆసుపత్రేమీ కూలిపోదులే అక్కా. ఆ ఫోన్ ఇలా తే!" అని లాక్కుని, గుమ్మంలోనే భవనం పెద్దాయన చేతిలో పెట్టేసింది.

పెద్దాయనది తెల్లటి గడ్డం, తేనె పూసిన మాట. "ఇక్కడికొచ్చిన వాళ్ళెవరూ నిద్ర చాల్లేదని అనలేదమ్మా" అన్నాడు. ఎంత నిజం చెప్పాడో మాయదారి! లేస్తే కదా అనడానికి!

వాడు నిద్రాహరణ విద్యలో ఆరితేరిన క్షుద్రోపాసకుడు! నూరేళ్ళుగా రెప్ప వాల్చనివాడు! పనిచేసి పనిచేసి సొలసి వచ్చిన ఆడవాళ్ళ నిద్రను కపాలంలోకి లాగి, దాని వెంట వచ్చే ఆయుష్షును జుర్రుకుని బతుకుతున్నాడు. గోడవారగా పన్నెండు మంచాలు... పన్నెండుగురు జీవచ్ఛవాలు! ఒకామె ఒళ్ళో ఇంకా దిద్దని పరీక్ష పేపర్ల కట్ట. పదమూడో మంచం మీద చెల్లెలు. పద్నాలుగోది డాక్టరమ్మది.

గది నడుమ రక్తచందనం పూసిన కపాలం ముందు కూర్చుని వాడు వికటంగా నవ్వాడు.

"సూర్యుడు నడినెత్తి దాటేలోగా అక్కాచెల్లెళ్ళ ప్రాణాలు రెండూ నావే! ముందు చిన్నది... తర్వాత నువ్వు!"

కానీ ఆ ఇద్దరినీ ఒకే గదిలో పడుకోబెట్టి వాడు తప్పు చేశాడు. పక్కన మత్తులో మనిషి ఉంటే డాక్టరమ్మకు నిద్ర పట్టదు! మంత్రం ఆమె ఒళ్ళంతా కట్టేసింది గానీ చెవిని కట్టలేకపోయింది. చెల్లెలి ఊపిరి వినబడుతూనే ఉంది. నిమిషానికి పన్నెండు... తొమ్మిది... ఆరు!

'నాకు విశ్రాంతి ఇప్పిస్తానని తెచ్చి నువ్వు పోతావా, పిచ్చిదానా!' అని ఆమె గుండె గోలపెట్టింది. నాలుక మొద్దుబారిపోయింది. అయినా పంతం పట్టి, రోజుకు పదిసార్లు చెప్పే మాటలనే పెదవుల మీదికి లాక్కొచ్చింది.

"అమ్మా... ఆపరేషన్ అయిపోయింది... కళ్ళు తెరువు!"

"అరుచుకో! నీ మాట వినేదెవరిక్కడ?" అని మాంత్రికుడు గర్జించాడు.

"గట్టిగా ఊపిరి పీల్చు... నా చెయ్యి నొక్కు!"

చెల్లెలి వేలు కదిలింది! అంతలో మొదటి మంచం మీద దగ్గు... మూడో మంచం మీద మూలుగు! ఇన్నేళ్ళుగా ఆ గదిలో మంత్రాలే మోగాయి గానీ, లేవమ్మా అని ఆ అభాగినులను పిలిచిన నాథుడు లేడు. నిద్రపుచ్చడమే తెలిసినవాడికి లేపే విద్య ముందు నిలిచే శక్తి ఎక్కడిది? ఉరుము ఉరిమినట్లు కపాలం ఫెళ్ళున పగిలింది!

అందులోని నిద్రంతా కట్టలు తెంచుకుని మాంత్రికుడి మీద పడింది. వాడు మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"రెప్పలు... వాలిపోతున్నాయి! నిద్రపోతే నేను మళ్ళీ లేవను! ఒక్కసారి నన్ను కూడా పిలువు తల్లీ... నీకు దండం పెడతాను!"

కట్టు వీడిన డాక్టరమ్మ లేచి వచ్చింది. అలవాటు చొప్పున ఆమె చెయ్యి వాడి భుజం మీదికి వెళ్ళింది. ఒక్కసారి వెనక్కి తిరిగి, రొప్పుతున్న చెల్లెలి వైపు చూసింది. చెయ్యి తీసేసింది.

"తొందరేముంది నాయనా? నీ ఆపరేషన్ ఇంకా అవ్వలేదు. పడుకో!"

రెప్పలు మూతపడ్డాయి. నూరేళ్ళ వార్ధక్యం ఒక్క క్షణంలో మీదపడి, వాడి దేహం పిడికెడు బూడిదగా రాలిపోయింది. పేపర్ల కట్ట ఆవిడ కళ్ళు నులుముకుంటూ, "ఇవాళ ఏ వారమండీ? స్కూలు తెరిచారా?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో కారు చెల్లెలే నడిపింది. వెనక సీట్లో డాక్టరమ్మ కాళ్ళు ముడుచుకుని, నోరు తెరుచుకుని, గాఢనిద్రలో మునిగిపోయింది. మలుపు మలుపుకీ చెల్లెలు కారు ఆపి వెనక్కి వంగి చూస్తోంది.

"అక్కా! ఊపిరి పీలుస్తున్నావా? ఒక్కసారి నా చెయ్యి నొక్కవూ..."

డాక్టరమ్మ కళ్ళు తెరవలేదు. చెల్లెలి చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా నొక్కింది.

"పీలుస్తున్నానే తల్లీ. ఇంకోసారి లేపావంటే మాత్రం చంపేస్తాను" అని అటు తిరిగి పడుకుంది.