పత్తి గోదాములో చెక్క నేల

"డాన్సు టీచరమ్మ యాడ?" అని దీప అడిగింది.

"మేస్త్రీ ఎక్కడ?" అని అతనూ అదే క్షణంలో అడిగాడు.

ఆదోని మార్కెట్ యార్డు వెనకాల చాన్నాళ్లుగా మూతబడిన పత్తి గోదాము అది. దీప యెమ్మిగనూరు నుంచి పొద్దుటి బస్సుకు వచ్చింది. ఒక చేతిలో కట్టరు, ఇంకో చేతిలో పనిముట్ల సంచి. అతను పంచె ఎగ్గట్టి గోదాము ఊడుస్తున్నాడు. జుట్టు నిండా పత్తి నూగు.

"మేస్త్రీని నేనే. టీచరమ్మను పిలువు, నేల కొలుచుకోవాల."

"ఆ టీచరమ్మను నేనే," అన్నాడతను. "అచ్యుత్."

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. 'మగోడివి, డాన్సు నేర్పిస్తావా?' అనే మాట దీప నాలుక చివరిదాకా వచ్చింది. 'ఆడపిల్లవి, ఫ్లోరింగ్ వేస్తావా?' అనే మాట అతని కళ్లలో కనబడింది. అలాంటి ప్రశ్న తనూ వినీ వినీ విసిగిపోయిన మనిషి కాబట్టి దీప తన మాటను మింగేసింది. అతనూ మింగేశాడు. అక్కడే అతను ఆమెకు కొంచెం నచ్చాడు. కొంచెమే.

దీప బెంగళూరులో పని నేర్చుకొని వచ్చింది. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇదే. అచ్యుత్‌కూ సొంతంగా ఇదే మొదటి డాన్సు బడి. ఇదివరకు నేర్పిన చోట కాంక్రీటు మీద కూచిపూడి అడుగులు వేసి వేసి పిల్లల మడమలు వాచేవని, ఇక్కడ చెక్క నేల వేయించాలనుకున్నాడు. వాళ్ల నాన్న వెంకటరామయ్య రిటైరైన మాస్టారు. మగపిల్లవాడికి గజ్జెలేమిటని, కొడుకు ఆటను ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు.

గోదాములో కొత్తగా పోసిన కాంక్రీటు మీద దీప ఒక ప్లాస్టిక్ కవరు పరిచి, అంచులకు టేపు అంటించి పోయింది. మరునాడు కవరు లోపల నీటి బొట్లు కనబడ్డాయి.

"ఇంకా చెమ్మ ఉండాది. ఆరినాక ఏస్తా."

"శుక్రవారం ఓపెనింగ్ అని అందరికీ చెప్పేశాను."

"నాకు సెప్పినావా?"

"ఇప్పుడు చెప్తున్నా కదా."

"ఆ మాట కాంక్రీటు కూడా వినాల కదప్పా."

అతను మూతి ముడుచుకొని ఓపెనింగ్ వాయిదా వేశాడు.

నేల ఆరాక పని మొదలైంది. కింద ప్లాస్టిక్, దాని మీద మెత్తటి ఫోము, ఆ పైన ఒకదానిలో ఒకటి బిగుసుకునే చెక్క పలకలు. ఒక వరస పూర్తి కాగానే దీప బోర్లా పడుకొని పలకకు చెవి ఆనించేది.

"అడుగెయ్యి, మాస్టరూ."

అచ్యుత్ జతి చెబుతూ అడుగు వేసేవాడు.

"ఆడ డొల్లగా మోగుతాంది. ఇంకొంచెం ఎడమకు. గట్టిగా."

"ఇంతకంటే గట్టిగా వేస్తే నా మోకాలు మోగుతుంది."

ఆమె నవ్వు చెక్కలోంచి అతని పాదాలకు తగిలినట్టుండేది. రోజులు గడిచేకొద్దీ దీప చెవి డొల్లను వెతకడం తగ్గించి అతని అడుగులనే వినసాగింది.

ఓపెనింగ్ ముందురోజు ఆదోనిని వాన ముంచెత్తింది. తెల్లారేసరికి గోడ పక్కన పలకలు పాములా వంపు తిరిగి పైకి లేచాయి.

గోదాము యజమాని హనుమన్న, వెంకటరామయ్యను వెంటబెట్టుకొని వచ్చాడు. "ఆడపిల్ల పని ఇట్లే ఉంటాది. బళ్లారి నుంచి మగోళ్లను పిలిపిస్తా."

దీప మోకాళ్ల మీద కూర్చొని చూసింది. "గోడకూ పలకకూ మధ్య వేలు పట్టేంత సందు ఇడవాల. ఈ పక్క ఇడవలేదు. వాన చెమ్మకు ఉబ్బిన చెక్కకు పోను తావు లేక పైకి లేసింది. తప్పు నాదే." ఆ వరస వేసిన రోజు తన చూపు ఎవరి మీద ఉందో ఆమెకు బాగా గుర్తుంది. అది మాత్రం చెప్పలేదు.

"ఒప్పుకుంది కదా, పంపించేయ్," అన్నాడు హనుమన్న అచ్యుత్‌తో.

"తప్పు ఒప్పుకున్నా. పోతానని యాడ అన్నా? నేనేసిన నేల ఇది. ఇంకొకరు సెయ్యి పెడితే ఊరుకోను."

"సరిచేసేదీ ఆమే," అన్నాడు అచ్యుత్.

"ఊరంతా నవ్వుతుందిరా," అన్నాడు వెంకటరామయ్య.

"నవ్వనీ నాన్నా. గజ్జె కట్టిన రోజే నాకు అలవాటైంది."

ఓపెనింగ్ గోదాము ముందు పత్తి ఆరబోసే కళ్లంలోనే జరిగింది. లోపల దీప గోడ వెంబడి పలకల అంచులు కోస్తుంటే కట్టరు గీపెట్టింది. బయట అచ్యుత్ దానికి మించి గొంతెత్తి జతులు చెప్పాడు. కాసేపు ఆపమని ఒక్కసారి కూడా కబురు పంపలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక దీప బయటికి వచ్చింది. "జాలిపడి నా పక్క నిలబడినావా?"

"నీ మీద జాలా? ముందు భయం తగ్గాలి కదా."

"మరి?"

"నువ్వంటే ఇష్టం దీపా."

ఆమె కట్టరు కింద పెట్టింది. "నేను పని మానను."

"నేను ఆట మానను."

"మీ ఇంట్లో అణిగిమణిగి ఉండను."

"ఇక్కడెప్పుడున్నావు?"

"మా నాయన శేషప్ప కూలికి పోతాడు."

"మా నాన్న మొండి. మన తిప్పలు మనకున్నాయి."

దీప నవ్వు ఆపుకోలేకపోయింది. "మొదటి రోజు కొంచెం నచ్చినావు. ఇప్పుడు సానా."

దీపను పెళ్లి చేసుకుంటానని అచ్యుత్ ఆ రాత్రే ఇంట్లో చెప్పాడు. వెంకటరామయ్య వారం పాటు కొడుకుతో మాట్లాడలేదు.

ఆ వారంలో పలకలు చదునుగా కూర్చున్నాయి. కొత్త నేల మీద మొదటి క్లాసు రోజున పిల్లలు, తల్లులు వచ్చారు. దీప పిలిస్తే శేషప్ప వచ్చి గోడవార ఒదిగి కూర్చున్నాడు. అందరూ కుదురుకున్నాక వెంకటరామయ్య గుమ్మంలో కనబడ్డాడు. హనుమన్న పరుగున ఇనుప కుర్చీ తెచ్చాడు.

"కుర్చీ ఒద్దన్నా, చెక్క గీసుకుంటాది," అంది దీప.

"సారు కింద కూసుంటాడా?"

"కూసుంటే కూసుంటారు. లేకుంటే నిలబడతారు."

శేషప్ప కంగారుగా లేచి, "పాపా, పెద్దోళ్లతో అట్లనా మాట్లాడేది?" అన్నాడు. దీప తల దించలేదు.

వెంకటరామయ్య ఆమెను చూశాడు, కింద నేలనూ చూశాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, వట్టి కాళ్లతో నడిచి వచ్చి, శేషప్ప పక్కనే నేల మీద కూర్చున్నాడు. పైపంచె ఒళ్లోకి లాక్కొని పక్కన చోటు చూపించాడు.

"మీరెందుకు లేచారు శేషప్ప గారూ? కూర్చోండి. మన పిల్లలు మొదలుపెట్టాలి."