పదకొండో చెయ్యి

ఈ పళ్ళ డాక్టరుకి ఎంగిలంటే చచ్చేంత అసహ్యం. నవ్వొద్దు, నిజమే. ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళల్లో వేళ్ళు పెట్టి బతుకుతున్న మనిషి, ఇంట్లో భార్య తాగిన గ్లాసు ముట్టుకోడు. కూతురు కొరికిన బిస్కెట్టు చేతికిస్తే మొహం అటు తిప్పుకుంటాడు. ఒక రోగి లేచి ఇంకో రోగి కూర్చునేలోపు మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంటాడు. కడిగీ కడిగీ ఆ వేళ్ళు పాలిపోయి, రాత్రంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉంటాయి.

క్లినిక్ నుంచి ఇంటికి హైవే మీద గంటంపావు దారి. కూతురి బడి క్లినిక్ వీధిలోనే. ఏడేళ్ళ పిల్ల, అందరూ చిట్టి అంటారు. పొద్దున నాన్నతో కార్లో వెళ్తుంది, సాయంత్రం నాన్నతో కార్లో వస్తుంది. కారు కరెంటుది. రోడ్డు మీది గీతల మధ్య తనంతట తనే నడుస్తుంది, ముందు బండి ఆగితే తనూ ఆగుతుంది. ఒకటే షరతు. డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద ఉండాలి. తీస్తే అర నిమిషానికోసారి టింగుమని మోగి, "దయచేసి చేతులు స్టీరింగ్ మీద పెట్టండి" అంటుంది.

అదే షరతు భార్యది కూడా. ఆవిడ పని ప్రమాదాల్లో కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళని మళ్ళీ నడిపించడం. ఎవరు ఎలా విరగ్గొట్టుకున్నారో రోజూ వాళ్ళ నోటే వింటుంది.

"మీ కారు ఎంత తెలివైందో నాకనవసరం," అంది కొన్నరోజే. "పిల్ల వెనక కూర్చున్నంతసేపూ మీ రెండు చేతులూ స్టీరింగ్ మీదుండాలి. లేదని తెలిసిందా, పిల్లని ఆ కారెక్కనివ్వను."

ఊరికే అని వదిలేసే మనిషి కాదు. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేది. కారు స్పీకర్లోంచి ఆవిడ గొంతు ఖంగుమనేది.

"చిట్టీ, నాన్న చేతులెక్కడున్నాయే?"

"స్టీరింగ్ మీదేనమ్మా!"

మొదట్లో అది నిజమే. కానీ రోజంతా నోళ్ళల్లోకి వంగి వంగి సాయంత్రానికి డాక్టరు మెడ పట్టేసేది, వేళ్ళు కొంకర్లు పోయేవి. పైగా స్టీరింగ్ తోలు. నిన్నటి చెమట, మొన్నటి చెమట, అన్నీ పీల్చుకుని జిడ్డుగా ఉండేది. ఎంత తుడిచినా పోయేది కాదు. తన చెమటే అయినా సరే, పట్టుకోవాలంటే అతనికి డోకొచ్చేది.

ఆ కారున్నవాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. రోజూ ఒకటే గోల. ఒకాయన కారు వంతెన నీడ చూసి గోడనుకుని బ్రేకేసిందిట. ఇంకొకాయన శ్మశానం పక్కనించి వెళ్తుంటే, దారి ఖాళీగా ఉన్నా స్క్రీన్ మీద మనుషుల బొమ్మలు కనిపించాయిట, లెక్కపెడితే పదమూడు. అందరూ విరగబడి నవ్వారు. కమలాపండు బాబాయి అని ఒకాయన ఉండేవాడు. స్టీరింగ్ సందులో కమలాపండు ఇరికించి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఆర్నెల్లకి కారు ఆ మోసం కనిపెట్టేసింది. ఇప్పుడు దానికి మెత్తగా, తడిగా, చర్మంలా తగిలితే తప్ప కుదరదుట.

మెత్తగా, తడిగా అనగానే మనవాడి బుర్రలో దీపం వెలిగింది.

పళ్ళ అచ్చు తీయడానికి ఒక గులాబీ రంగు పొడి ఉంటుంది. నీళ్ళు పోసి గిలక్కొడితే ముద్దవుతుంది, మూడు నిమిషాల్లో గడ్డకడుతుంది. చల్లగా, తడిగా, నొక్కితే పంటి చిగురులా అణిగి మళ్ళీ లేస్తుంది. ఒక సోమవారం దాన్ని కలిపి, తన చేతి కొలతదే ఒక గ్లవ్ తీసి, వేళ్ళ చివర్ల దాకా కూరాడు. గడ్డకట్టేలోపు పరుగున కారులోకి తెచ్చి స్టీరింగ్ చుట్టూ వేళ్ళు వంచి పట్టుకున్నాడు. మూడు నిమిషాలయ్యాక వదిలాడు. అది వదల్లేదు. కారు నోరు మూసుకుంది. స్క్రీన్ మూల పచ్చటి చేతి బొమ్మ వెలిగింది.

"యాక్! నాన్నా, ఎవరిదది?" అంది చిట్టి.

"నాదేనే. అమ్మకి చెప్పకు."

"అమ్మ అడిగితే?"

"నాన్న చెయ్యి స్టీరింగ్ మీదుందని చెప్పు. ఇదీ నాన్న చెయ్యేగా? అబద్ధమేముంది?"

పిల్లకి ఆ లెక్క నచ్చింది. ఆ సాయంత్రం ఆరింటికి తల్లి అడిగితే, కిసుక్కున నవ్వాపుకుని "స్టీరింగ్ మీదేనమ్మా" అంది. సిగ్గులేని తండ్రి సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆ ముద్ద వారానికి మించి ఆగదు. నీరు కారుతుంది. మెత్తబడి, పొద్దున్నే కడగని నోరులా కంపు కొడుతుంది. అందుకని ప్రతి సోమవారం కొత్త చెయ్యి చేసేవాడు. మరి పాతది? క్లినిక్ చెత్తబుట్టలో వేస్తే నర్సు చూస్తుంది, ఇంటికి తెస్తే భార్య చూస్తుంది. సగం దారిలో మురుగు కాలువ మీద ఒక వంతెన వస్తుంది. అక్కడ కిటికీ దించి, పాత చేతిని కాగితంతో రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, మొహం చిట్లించి బయటికి గిరాటేసేవాడు.

"నాలుగు," అని లెక్కపెట్టేది చిట్టి వెనకనించి. తర్వాతి సోమవారం, "అయిదు."

అయిదో వారం నించే ఆ వంతెన మీద కారు జంకడం మొదలెట్టింది. ఎదురుగా ఏమీ లేకపోయినా నెమ్మదించేది. స్క్రీన్ మీద రోడ్డంచున చిన్న చిన్న బూడిదరంగు బొమ్మలు కనబడేవి. మనిషంత ఎత్తు కాదు, కుక్కంతా కాదు. నేలబారుగా ఉండేవి. ఎలకలేమో అనుకున్నాడు. మురుగు కాలువ కదా, పందికొక్కులుంటాయి.

పదకొండో సోమవారం మధ్యాహ్నం నించీ ముసురు. సాయంత్రం అయిదుంపావుకే చీకటి కమ్మింది. స్టీరింగ్ మీద కొత్త చెయ్యి, పక్క సీట్లో కాగితంలో చుట్టిన పాత చెయ్యి. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. కారంతా కంపు.

"నాన్నా, వాంతొచ్చేలా ఉంది."

"వంతెన రానీయవే. పారేస్తా."

వంతెన వచ్చింది. కిటికీ దించాడు. వాన జల్లు మొహాన కొట్టింది. కాగితం విప్పకుండానే విసిరేశాడు. ఎప్పుడూ కింద నీళ్ళలో తుప్పుమని వినబడేది. ఈసారి అలా వినబడలేదు. రోడ్డు మీదే పడ్డట్టుంది, మెత్తగా.

"పది," అంది చిట్టి.

కారు ఆగిపోయింది.

నెమ్మదించడం కాదు. వంతెన నడిమధ్యన బిర్రబిగుసుకుని నిలబడిపోయింది. ముందు ఏమీ లేదు. దీపాల వెలుగులో వాన తప్ప ఏమీ లేదు. కానీ స్క్రీన్ మీద బూడిదరంగు బొమ్మలు. రెండు... నాలుగు... అతను లెక్కపెట్టదలుచుకోలేదు, అయినా కళ్ళు వాటంతటవే లెక్కపెట్టాయి. పది. రోడ్డంచు నించి కదిలి, తన కారు బొమ్మ దగ్గరికి వస్తున్నాయి. మెల్లగా. అన్నీ ఒకేసారి. కారు బొమ్మని ముట్టుకున్న ప్రతిదీ దాని కిందకెళ్ళి మాయమైపోతోంది.

ఆఖరిది కూడా మాయమైంది.

టింగ్. "దారి ఖాళీగా ఉంది." కారు బయల్దేరింది.

"పాడు కారు," అన్నాడు డాక్టరు. "దీన్ని అమ్మి పారెయ్యాలి."

అప్పుడు వినబడింది. కాళ్ళ కింద, కారు నేలకి అవతల. టప్... టప్... తడి గుడ్డతో ఎవరో తడుతున్నట్టు. ముందు నించి వెనక్కి జరుగుతోంది.

"చిట్టీ, కాళ్ళు పైన పెట్టుకో."

"ఎందుకు నాన్నా?"

"పెట్టుకోమన్నానా!"

ఇక లాభం లేదు, తనే నడపాలి. స్టీరింగ్ మీది చేతిని తీయబోయాడు. అది రాలేదు.

మధ్యాహ్నం చేసిన ముద్ద. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంది. గ్లవ్ లోపల ఏదో జిగటగా కదిలింది... అతని వేళ్ళ కింద నాడి కొట్టుకుంది. ఛీ! చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాలాజలం కంపు గుప్పుమంది. ఒకరిది కాదు, వందమంది నోళ్ళది. వాంతి గొంతు దాకా వచ్చింది. మింగాడు. మళ్ళీ పట్టుకున్నాడు. ఒక్కొక్క వేలే విరిచి లేపాడు. చిటికెన వేలు తెగింది. లోపలినించి గులాబీ రంగు చిక్కటి నీరు అతని ముంజేతి మీదికి కారింది. చివరికి మొత్తం ఊడొచ్చింది. కిటికీలోంచి విసిరేసి, అద్దం మూసి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నాడు.

టింగ్. "దయచేసి చేతులు స్టీరింగ్ మీద పెట్టండి."

"పెట్టానుగా!"

గట్టిగా బిగించాడు. కణుపులు తెల్లబడ్డాయి. పచ్చటి చేతి బొమ్మ వెలగలేదు. టింగ్. "దయచేసి చేతులు..." మూడోసారి చెప్పి కారు చేతులెత్తేసింది. "డ్రైవర్ సాయం ఆగిపోయింది."

స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కింది. రెండు పక్కలా లారీలు, వెనక ఒకటి హారన్ కొడుతూ మీదమీదకొస్తోంది. పక్కకి తీసి ఆపుదామంటే చోటు లేదు. తడి రోడ్డు మీద కారు అటూ ఇటూ లాగుతోంది. ఇన్నాళ్ళకి ఆ రెండు చేతులూ నిజంగా స్టీరింగ్ మీద ఉన్నాయి. ఇక తీయడానికి లేదు.

వెనకనించి చల్లగాలి తగిలింది మెడకి.

"చిట్టీ... నీ కిటికీ తెరిచుందా?"

"కంపు కొడుతోంటే వంతెన దగ్గర తెరిచా నాన్నా." పిల్ల గొంతు బాగా తగ్గిపోయింది. "మళ్ళీ మూస్తోంటే... మూసుకోవట్లేదు. ఏదో అడ్డం పడుతోంది."

తల పైనున్న అద్దంలోంచి వెనక్కి చూశాడు. చీకటి. పిల్ల తల మాత్రం కనబడుతోంది. కదలడం లేదు.

ఫోన్ మోగింది. ఆరయింది.

"చిట్టీ, నాన్న చేతులెక్కడున్నాయే?"

ఎప్పుడూ తల్లి నోట్లో మాట నోట్లో ఉండగానే జవాబిచ్చే పిల్ల, పలకలేదు.

"చిట్టీ? నిన్నేనే. నాన్న చేతులెక్కడున్నాయి?"

"ఏ చేతులమ్మా?" అంది చిట్టి గుసగుసగా.

"అదేం మాటే? ఏవండీ, ఏం జరుగుతోందక్కడ?"

డాక్టరు ఎదర వెళ్తున్న లారీ వెనకే కారుని నిలబెట్టడానికి పెనుగులాడుతున్నాడు.

"రెండు స్టీరింగ్ మీదున్నాయమ్మా," అంది పిల్ల. "ఒకటి నా కాలు పట్టుకుంది. ఒకటి జుట్టులో ఉంది. తడిగా ఉన్నాయమ్మా... నాన్నా, వద్దని చెప్పు నాన్నా..."

టక్. సీటు బెల్టు ఊడిన చప్పుడు. స్క్రీన్ మీద వెనక సీటు బొమ్మ ఎర్రగా వెలిగింది. ఎదర లారీ దీపాలు కూడా ఎర్రగా వెలిగాయి. డాక్టరు కాలు బ్రేకు మీదికి వెళ్ళి, నొక్కితే బెల్టు లేని పిల్ల ముందుకి ఎగిరిపడుతుందని భయపడి, అక్కడే ఆగిపోయింది.

"ఏంటే ఆ చప్పుడు? చిట్టీ! మాట్లాడవే!" తల్లి అరుస్తోంది.

"ఇం... ఓటి..." అంది పిల్ల. "ఆ... ఓ... ఓ..."

మాట ముద్దగా వస్తోంది. నాలుక తిరగడం లేదు, పెదాలు కలవడం లేదు. తల్లికేమీ అర్థం కాలేదు, "ఏమిటే? సరిగ్గా చెప్పు!" అంటూనే ఉంది. డాక్టరుకి మాత్రం ప్రతి ముక్కా అర్థమైంది. ఇరవయ్యేళ్ళుగా రోజూ వింటున్న మాట తీరే అది. నోట్లో వేళ్ళున్నవాళ్ళు అలాగే మాట్లాడతారు.