పడ్డానా, పడిపోయానా?

"మధ్యలో బయటికెళ్ళి సిగరెట్ తాగొచ్చారు కదూ?"

అద్దం అవతలి నుంచి వచ్చిన ఆ ప్రశ్నకి అతను ఉలిక్కిపడ్డాడు. నవలలు చదివి వినిపించే ఆడియో పుస్తకాల స్టూడియోలో అతనికది మొదటి రోజు. ఇటువైపు చిన్న గదిలో మైకు, పుస్తకం, అతను. అటువైపు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న ఆమె, సౌండ్ ఇంజినీరు. మధ్యలో రెండు పొరల అద్దం.

"వాసన అక్కడిదాకా వచ్చిందా?"

"వాసన రాలేదండీ. వినిపిస్తోంది."

"సిగరెట్ వినిపించడమేంటండీ, విడ్డూరం కాకపోతే!"

ఆమె ఏదో మీట నొక్కింది. స్పీకర్లోంచి వరసగా దగ్గులు, గొంతు సవరింపులు, ఒక గురక లాంటిది.

"పొద్దుట్నుంచి మీ చదువులోంచి కోసి తీసినవి. అరవై మూడు."

"చాప్టర్ మొత్తానికా?"

"మూడో పేజీ దాకా."

"మరి పారెయ్యక దాచిపెట్టారెందుకు?"

"ఎప్పుడైనా కప్పల కథ వస్తే పనికొస్తాయని."

ఆ పూట అతనికి కోపం వచ్చింది. మర్నాటికి సిగ్గు వచ్చింది. నవలలో తల్లి బిడ్డని నిద్రపుచ్చే చోట, "పడుకో నాన్నా" అన్న రెండు మాటల మధ్య తన దగ్గు విన్నాడు మరి. ఆ దగ్గుకి ఏ బిడ్డ నిద్రపోతుంది? పైగా పొడుగు వాక్యం వస్తే చివరిదాకా ఊపిరి అందడం లేదు. గొంతు అమ్ముకుని బతికేవాడికి ఊపిరి లేకపోతే ఇంకేం మిగులుతుంది?

"మానేస్తాను," అని ప్రకటించాడు మూడో రోజు టీ తాగుతూ.

"ఆరంభశూరత్వం," అన్నాడు రిసెప్షన్‌లో కూర్చునే కుర్రాడు. వయసు ఇరవై ఆరే గానీ స్టూడియోలో అందరూ అతన్ని 'మేనత్త' అంటారు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళ కంటే ముందు "పెళ్ళయిందా?" అన్న ప్రశ్న అందుతుంది అతని దగ్గర. మేనత్తకి ఒక సొంత కష్టం ఉంది. డ్రైవింగ్ టెస్ట్ మూడుసార్లు తప్పాడు. మూడుసార్లూ రివర్స్‌లో ఒకే స్తంభం.

ఆమెకీ ఒక కష్టం ఉంది. ఎవరేం అడిగినా నోట్లోంచి "సరే" తప్ప ఇంకో మాట రాదు. ఆదివారం రమ్మంటే సరే. ఇంకొకరి పని నెత్తిన పెడితే సరే. స్టూడియో యజమానురాలు మేడమ్‌కి ఈ సంగతి బాగా తెలుసు.

అలా ముగ్గురూ కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అతను సిగరెట్ మానాలి, ఆమె సరే మానాలి, మేనత్త స్తంభాన్ని గుద్దడం మానాలి. తప్పు చేసినవాళ్ళు గ్రూపులో ఒకే మాట పెట్టాలి: పడ్డాను. మాట మేనత్తదే. "నడక నేర్చుకునే పిల్లలు పడతారు. తిడతామా? లేపుతాం. అంతే రూలు," అన్నాడు. మేనత్తల్లో కూడా జ్ఞానులుంటారు.

మొదటి వారం అతనికి లోకం మీదంతా కోపమే. టీ గ్లాసు పట్టుకుంటే రెండో చేతికి ఏం చెయ్యాలో తోచదు. వేళ్ళు జేబు వెతుక్కుంటాయి. అది చూసి ఆమె ఒక రోజు పొడవాటి మైకు వైరు తెచ్చి ఒళ్ళో పడేసింది. తాడు చుట్టినట్టు చుడితే వైరు పాడవుతుంది. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి, మెలిక పడకుండా చుట్టాలి.

"ఇది చుట్టండి. పది నిమిషాలు పడుతుంది. సిగరెట్ మీద యావ కూడా పది నిమిషాలేనట."

"పదకొండో నిమిషానికి మళ్ళీ వస్తే?"

"వైర్లు చాలా ఉన్నాయి గొంతుగారూ."

అప్పట్నుంచి అతని పేరు గొంతుగారు, ఆమె పేరు ఇంజినీరమ్మ. పది రోజులకి స్టూడియోలో చిక్కుపడ్డ వైరు ఒక్కటీ మిగల్లేదు. పక్కన జిరాక్స్ షాపు వైర్లు కూడా అడిగి తెచ్చుకుని చుట్టాడు. షాపాయన అతనికి మతి చలించిందనుకుని జాలిపడి టీ ఇప్పించాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఇంటి ఓనర్‌తో గొడవ, బస్సు తప్పింది, వాన మొదలైంది. గ్రూపులో "పడ్డాను" అని పెట్టి బస్టాపులో కూలబడ్డాడు. పావుగంటలో ఆమె వచ్చింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో వైరు. వాన మటుకు ఆమె జడనే ఎంచుకుని తడిపింది.

ఎన్ని తాగారని అడగలేదు. ఎందుకని అడగలేదు. పక్కన కూర్చుని వైరు ఒక కొస అతనికిచ్చింది.

"ఇవాళ నేనూ పడ్డాను," అంది రెండో కొస చుడుతూ. "ఈ ఆదివారం కూడా పనికి రమ్మన్నారు మేడమ్. సరే అన్నా."

"అయితే ప్రాక్టీస్ చేద్దాం. నేనే మేడమ్. ఏమ్మా, ఆదివారం రాగలవా?"

"కుదర..."

"గట్టిగా!"

"కుదురుతుందేమో చూస్తానండీ."

అతను పడీపడీ నవ్వాడు. నవ్వితే దగ్గు రాలేదని ఇద్దరూ ఒకేసారి గమనించారు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు. ఆ వానలోనే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలు. ఈసారి లెక్క నిలబడింది. నలభై ఒకటో రోజున, పేజీన్నర పొడుగున్న వాక్యాన్ని అతను ఒక్కచోట కూడా ఊపిరి తెగకుండా చదివాడు. తలెత్తితే అద్దం అవతల ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. మొహంలో ఎంత సంతోషమంటే, ఆ ఊపిరేదో తనే తీసుకున్నట్టుంది.

అంతే, అతని పని అయిపోయింది. సాయంత్రం నాలుగింటికి ఎదురుగా ఉన్న పార్కులో కూర్చుని, గ్రూపులో కాకుండా ఆమె ఒక్కదానికే మెసేజ్ పెట్టాడు: పడిపోయాను.

తెలుగు వచ్చిన అమ్మాయి, అర్థం చేసుకుంటుందనుకున్నాడు.

ఏడు నిమిషాల్లో ఆమె రొప్పుతూ వచ్చింది. చేతిలో వైరు.

"పర్లేదు. రూలు రూలే, తిట్టను," అంది కూర్చుంటూ. "ఎప్పుడు?"

"ఎప్పుడంటే... మెల్లగా జరిగింది. ఇవాళ తెలిసింది."

"మెల్లగానా? అంటే కొన్నాళ్ళ నుంచీనా!"

"ఆ బస్టాపు రోజు నుంచే అనుకుంటా."

ఆమె మొహం పాలిపోయింది. "అప్పట్నుంచీ! ఎక్కడ?"

"ఎక్కువగా స్టూడియోలోనే."

"స్టూడియోలోనా! నాకు తెలీకుండా?"

"నీకు తెలీకుండా ఎలా? నీ ఎదురుగానే కదా."

"నా ఎదురుగా? ఎన్ని?"

"ఎన్నేంటి? ఒక్కరే!"

"ఒక్కరేంటి?" అని ఆగింది. చేతిలో వైరు జారి కింద పడింది. ఫోన్ తీసి మెసేజ్ మళ్ళీ చదువుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఓ," అంది. "'పోయాను' నేను చూసుకోలేదు."

"ఇప్పుడు చూశావుగా. ఏమంటావ్?"

ఆమె వంగి వైరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తలెత్తి, స్పష్టంగా, తడబడకుండా అంది: "కుదరదు."

"అన్యాయం ఇంజినీరమ్మా! రెండు నెలలు నేర్పితే రాని మాట నా దగ్గరే రావాలా?"

ఆమె నవ్వలేదు. "మా బావ కూడా మానేశాడు. అక్క కోసం. ఇద్దరికీ మాటా మాటా వస్తే చాలు, బాల్కనీలోకి పోయి వెలిగిస్తాడు. 'నీవల్లే' అంటాడు. మా అక్క ఐదేళ్ళుగా పోట్లాడ్డం మానేసింది. ప్రతిదానికీ సరే అంటుంది. ఆవిణ్ణి చూసే నాకూ అలవాటైందేమో." వైరు కొస వేలికి చుట్టుకుంది. "నువ్వంటే నాకు ఇష్టం లేక కాదు. భయం. నా మీద కోపమొచ్చిన రోజు నువ్వేం చేస్తావో నాకు తెలీదు. నీకూ తెలీదు."

"నేను నీ కోసం మానలేదు."

"నోటితో చెప్తే ఎలా తెలుస్తుంది?"

"అయితే ఇప్పుడే పోట్లాడుకుందాం. నీ హెడ్‌ఫోన్స్ బాలేవు."

"నీ చొక్కా బాలేదు."

"చొక్కా నిజంగానే బాలేదు," అన్నాడతను దిగులుగా. ఆ పోట్లాట అక్కడితో చచ్చింది. ఇద్దరూ చెరో దారిన ఇంటికి పోయారు.

కావాలంటే రాని పోట్లాట, వద్దన్నప్పుడు చెప్పకుండా వచ్చింది. మూడు వారాలు గడిచాక ఒక రోజు.

నవల మొదటి ఐదు చాప్టర్లూ అతని పాత గొంతుతో ఉన్నాయి. ఎంత కోసినా, కింద బొంగురు మిగిలే ఉంది. వాటిని మళ్ళీ చదువుతానని అతను అడిగాడు, చదివిద్దామని ఆమె మాటిచ్చింది. ఈలోగా మేడమ్ "ఉన్నవి ఉన్నట్టు పంపించెయ్, టైం లేదు" అంది. ఆమె నోరు పాత అలవాటు కొద్దీ "సరే" అంది. వాటిని ప్రచురణ సంస్థకి పంపించేసింది.

"ఒక్క మాట నాకు చెప్పాలనిపించలేదా?" అతని గొంతు మొదటిసారి ఆమె మీద లేచింది.

"మేడమ్ అడిగితే ఏం చెయ్యను?"

"ఏం చెయ్యనా! రెండు నెలలు నేను చచ్చీ చెడీ సంపాదించుకున్న ఊపిరి అది. జనం చెవుల్లోకి పోయేది నా దగ్గా? దాన్ని నీ చేత్తో నువ్వే పంపించావు!"

"అరవకు."

"అరుస్తాను. నీ మొహమాటానికి నా పని బలి పెడితే అరవకుండా ఎలా ఉంటాను?"

తలుపు విసురుగా తోసుకుని వెళ్ళిపోయాడు. ఆమె కిటికీలోంచి చూసింది. రోడ్డు దాటి సిగరెట్లమ్మే కొట్టు వైపే నడిచాడు. ఆ తర్వాత లారీ అడ్డం వచ్చింది. లారీ కదిలేసరికి అతను లేడు.

ఆమె కూర్చుండిపోయింది. ఏడుపొచ్చింది. అతను వెలిగించి ఉంటాడన్న భయం ఒక పక్క. అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదన్న బాధ ఇంకో పక్క. రెండో బాధే పెద్దదని కాసేపటికి తెలిసింది. లేచి మేడమ్ గది తలుపు కొట్టింది. లోపల ఏం జరిగిందో చెప్పగలిగినవాడు మేనత్త ఒక్కడే. ఎందుకంటే అతను తలుపుకి చెవి ఆనించి ఉన్నాడు. మేడమ్ అరుపులు మూడు నిమిషాలు, ఆమె గొంతు ఒక్కసారి.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి అతను వచ్చాడు. తిన్నగా మైకు గదిలోకి వెళ్ళి కూర్చుని, మీట నొక్కమన్నట్టు సైగ చేశాడు. ఆమె నొక్కింది.

"నాకు ఇంకా కోపం తగ్గలేదు," అన్నాడు మైకులో. "నిన్న కొట్టు దాకా వెళ్ళాను. చిల్లర కూడా తీశాను. నా కోపం నీ మీద, సిగరెట్‌కి దాంతో ఏం పని అనిపించింది. అక్కణ్ణుంచి ఇంటిదాకా నడిచాను, ఆరు కిలోమీటర్లు, దారంతా నిన్ను తిట్టుకుంటూ. ఒక్కచోట కూడా ఆయాసం రాలేదు. అదీ సంగతి. రేపు కూడా నాకు నీ మీద కోపం రావచ్చు. వస్తే నీతోనే పోట్లాడతాను. నువ్వూ పోట్లాడాలి. సరే అని ఊరుకుంటే నేనొప్పుకోను."

అద్దం అవతల ఆమె హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. లేచి, రెండు తలుపులు దాటి, అతని గదిలోకి వచ్చింది. ఇన్ని నెలల్లో ఆమె అద్దానికి ఇటువైపు రావడం అదే మొదలు. అక్కడ ఒక్క కుర్చీయే ఉంటుంది. అతను లేచి నిలబడ్డాడు.

"చాప్టర్లు వెనక్కి తెప్పించాను," అంది. "మేడమ్ అరిచారు. నేను 'కుదరదు మేడమ్, అవి మళ్ళీ చదవాల్సిందే' అన్నాను. నీ కోసం కాదు. అవి నిజంగానే బాలేవు."

"అంత బాలేవా?"

"చాలా. ఇంకో సంగతి. నిన్న నువ్వు అరిచిన తీరు నాకు నచ్చలేదు."

"తప్పే. ఒప్పుకుంటున్నా. ఇంకా?"

"ఇంకా... రాత్రి అక్కతో మాట్లాడాను. నీ గురించి చెప్పా. 'నీతో నేరుగా పోట్లాడే మనిషైతే చేసుకోవే' అంది." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "నాకు నువ్వు కావాలి. అడిగావని కాదు. నాకే కావాలి."

అతను పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

ఎవరో అద్దం మీద కొడుతున్నట్టుంది, కానీ చప్పుడు రావడం లేదు. అవతల మేనత్త, అద్దానికి ముక్కు ఆనించి, "ఏమంది? ఏమంది?" అని చేతులు తిప్పుతున్నాడు. ఊరందరి పెళ్ళిళ్ళ గురించీ అడిగే మనిషి, కళ్ళెదుట జరిగినదాంట్లో ఒక్క మాటా వినలేక గిలగిల్లాడుతున్నాడు.

"పాపం, చెప్దామా?" అన్నాడతను.

"ఒక్క నిమిషం ఉండనీ," అంది ఆమె. నిమిషం అయ్యాక తలుపు తీసి లోపలికి రమ్మంది. "ముందు అరవనని మాటివ్వు."

మేనత్త గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. విన్నాక అరిచాడు.